శేవంతాబాయి శ్రుతి దిగిన ఏడాది

సినిమాలో నాయిక తోటలో నడుస్తూ పాడుతుంటే చూసేవాళ్ళకు తోట కనబడుతుంది, ఆవిడ కనబడుతుంది. గన్నేరు పొద వెనక గొంతుక్కూర్చుని, మెడకు హార్మోనియం పెట్టె తగిలించుకుని, ఎర్రచీమలు కాళ్ళ మీద పాకుతున్నా చెయ్యి తియ్యకుండా వాయిస్తున్న ధోండిబా గురవ్ మాత్రం కనబడడు. కనబడితే ఆ షాటు దండగ. ఆ రోజుల్లో పాట ఒకచోట, బొమ్మ ఒకచోట తీసి అతికించే సంగతి మాకు తెలియదు. కెమెరా తిరుగుతుండగానే పాడాలి, పాడుతుండగానే వాయించాలి. కొల్హాపూర్‌లో సగం పొదలకు సంగీతం వచ్చని తబలా ముజావర్ అంటుండేవాడు. అన్నేళ్ళు వాటిలో దాక్కున్నవాడు కదా, ఆ మాట అనే హక్కు అతనికి ఉంది.

ధోండిబాది గురవుల ఇల్లు. తండ్రి శివాలయంలో సన్నాయి ఊదేవాడు. కొడుకు కూడా అదే పట్టుకుంటాడని ఆయన కళ్ళు కాయలు కాచేలా చూస్తే, వీడు పోయి పోయి నాటకాల కంపెనీలో హార్మోనియం ముందు కూర్చున్నాడు. "గుండెల్లోంచి ఊదరా అంటే చేత్తో గాలి కొట్టే పని చూసుకున్నావా" అని ఆ పెద్దాయన పోయేదాకా దెప్పుతూనే ఉన్నాడు. ధోండిబా పొట్టి మనిషి. నల్లటోపీ, బుగ్గన తమలపాకు, మాట బహు తక్కువ. పెళ్ళిచూపుల్లో కూడా నోరు విప్పకపోతే, పిల్లవాడు మూగవాడేమోనని గోదాబాయి తరపువాళ్ళు ఇంకో మనిషిని పంపి మరీ కనుక్కున్నారు.

ఆ కంపెనీలోకే శేవంతాబాయి వచ్చింది. సన్నగా, ఎత్తుగా, ఒంటికి పెద్దదైన చీరలో వణికిపోతున్న పిల్ల. మొదటిసారి రంగం మీదికి వచ్చిన రోజు నోరు పెగల్లేదు. వెనక బెంచీల వాళ్ళు ఈలలు మొదలుపెట్టారు. ధోండిబా ఏమీ కంగారు పడలేదు. షడ్జం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఈలలు ముదిరినా, మేనేజరు తెర పక్కనుంచి పళ్ళు నూరినా వదల్లేదు. ఆ పిల్ల తల తిప్పి అతని వైపు చూసింది, ఆ స్వరం అందుకుంది, ఇక ఆగలేదు. ఆ రాత్రి ఈలలు వేసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు.

అప్పటినుంచి అదే వాళ్ళ పద్ధతి. పాటకు ముందు ఆమె తల కాస్త అతని వైపు వాల్చేది. అతను స్వరం ఇచ్చేవాడు. ఆమె అందుకునేది. ఎంత శ్రుతి అని ఆమె అడిగింది లేదు, ఎంత కావాలని అతను అడిగింది లేదు. ఐదున్నర శ్రుతి. ఆడగొంతుల్లో అంత పైనుంచి మొదలుపెట్టి, ఇంకా పైకి వెళ్ళి, అక్కడ తీరిగ్గా కూర్చోగలిగినవాళ్ళు మా వైపు ఇంకెవరూ లేరు. నాటకాలు పడిపోయి తాత్యాసాహెబ్ ఘోర్పడే తన సినిమా స్టూడియోకి రమ్మన్నప్పుడు ఆమె ఒక్కటే మాట అంది.

"నా పెట్టె లేకుండా రాను తాత్యా."

"బట్టల పెట్టేగా బాయీ, బండి పంపిస్తాలే."

"బట్టలు మీరు కొనిపెడతారు. నేను అనేది ధోండిబా బువా పెట్టె."

అలా, మేమంతా బువా అని పిలిచే ధోండిబా సినిమా మనిషయ్యాడు. పేరు తెర మీద పడేది కాదు. ఆమె పేరు మాత్రం పూణే నుంచి బెళగాం దాకా ప్రతి గోడ మీదా ఉండేది. టాంగావాళ్ళు ఆమె పాటలు పాడుకుంటూ గుర్రాన్ని అదిలించేవాళ్ళు. కుస్తీ తాలీముల్లో పహిల్వాన్లు ఒళ్ళంతా ఎర్రమట్టితో ఆమె పాట కూనిరాగం తీస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఇంత పేరు వచ్చినా ఆ మనిషిలో మార్పు లేదంటే నమ్మండి. మధ్యాహ్నం కారు పక్కన బొంత పరుచుకుని, లైట్లు పట్టే కుర్రాళ్ళతో కలిసి జొన్నరొట్టె, పచ్చిమిర్చి ఠేచా తినేది. ముజావర్ కూతురి పెళ్ళికి పిలవకముందే వెళ్ళి మేళం వాళ్ళ మధ్య కూర్చుంది. కోపం వస్తే మాత్రం కొల్హాపూర్ మిరపకాయే.

ఆ ఏడాది ఉగాది పాడ్వా నాడు కొత్త సినిమాకు కొబ్బరికాయ కొట్టారు. కుమ్మరి ఇంట పుట్టి విఠ్ఠలుడి కోసం ఇల్లు విడిచిపోయిన ఒక భక్తురాలి కథ. చివర్లో ఆమె ఇంటి గుమ్మంలో పాట మొదలుపెట్టి, నడుచుకుంటూ పంచగంగ ఒడ్డుకు చేరి, నీళ్ళలోకి దిగిపోతుంది. సినిమాకు ఆ పాటే ప్రాణం. గుమ్మం దగ్గరి సగం పాడ్వా వెళ్ళిన వారంలోనే స్టూడియో ఆవరణలో తీసేశారు. ఐదున్నరలో ఆమె గొంతు కోటగోడలా నిలబడింది. నది ఒడ్డు సగం తర్వాత తీద్దామన్నారు.

ఆ నెలలోనే స్టూడియోకి కొత్త యంత్రం వచ్చింది. దాంతోపాటు లిమయే అని పూణే కుర్రాడొకడు చెవులకు డిప్పలు పెట్టుకుని దిగాడు. ముందు పాట ఒకరు పాడి పెడతారట, తర్వాత ఇంకొకరు కెమెరా ముందు పెదాలు కదుపుతారట. బొంబాయిలో ఇప్పుడంతా అదేనట. ముజావర్‌కు నవ్వు ఆగలేదు.

"ఒకరు తింటే ఇంకొకరు త్రేన్చినట్టు ఉంది బువా."

శేవంతాబాయికి నవ్వు రాలేదు. "నా నోట్లోంచి ఇంకొక మనిషి గొంతు వచ్చిన రోజు, ఆ నోరు నాకెందుకు? కెమెరా ముందుకు రావడమే మానేస్తాను," అంది. అందరి ముందూ అంది. తాత్యా విన్నాడు.

వైశాఖంలో ఆమెకు విషజ్వరం వచ్చింది. ఊళ్ళో చాలామందికి వచ్చింది, కొందరు పోయారు. అంబాబాయి గుడిలో ఆమె పేరు మీద ఎవరెవరో మొక్కుకున్నారు. వానలు పడేదాకా మంచం దిగలేదు. లేచాక మనిషి సగమైంది, జుట్టు రాలిపోయింది. జుట్టుకు సవరం ఉంది, బుగ్గలకు రంగు ఉంది. ధోండిబా రోజూ సాయంత్రం పెట్టె తీసుకుని వెళ్ళి, ఆమె వరండాలో కూర్చుని మెల్లగా సాధన చేయించడం మొదలుపెట్టాడు. శ్రావణంలో ఒకరోజు ఆమె పైషడ్జానికి వెళ్ళబోయి మధ్యలో ఆగిపోయింది. గొంతు చీలింది. ఆమె దగ్గింది.

"పొద్దున ఠేచాలో మిరపకాయ ఎక్కువైంది బువా."

"అయ్యుంటుంది బాయీ."

మర్నాడు కూడా అక్కడే ఆగింది. ఆ మర్నాడూ అంతే. ఆమె ఒక్కొక్కసారి ఒక్కొక్క కారణం చెప్పింది, అతను అన్నిటికీ తల ఊపాడు. ఇంటికొచ్చి రొట్టె ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుంటే గోదాబాయి పక్కన చతికిలబడింది.

"ఏమైంది మీకు?"

"బాయి గొంతు దిగింది. ఐదున్నర ఇక మొయ్యలేదు."

"ఆ మాట ఆమెకు చెప్పండి మరి."

"ఎట్లా చెప్పను?"

"నోటితో. రొట్టె తినడానికే కాదు, దేవుడు అది మాట్లాడ్డానికి కూడా ఇచ్చాడు."

గోదాబాయి మాట వింటే ఈ కథే లేదు. మాట వినే రకం మొగుళ్ళు మా మంగళవార్ పేఠ్‌లో అప్పటికి ఇంకా పుట్టలేదు.

దసరా దగ్గర పడ్డాక తాత్యా ఒకరోజు ధోండిబాను గదిలోకి పిలిచాడు. కుర్చీలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి కూర్చుని ఉంది. పేరు వత్సల, పూణే. ఎదురుగా పళ్ళెంలో అటుకుల చివడా పెట్టినా ముట్టుకోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"బువా, దాచకు. బాయి గొంతు సంగతి ఊరంతా గుసగుసలాడుతోంది. యుద్ధం వచ్చి ఫిల్ము దొరక్క చస్తున్నాను. నది సీను ఒక్కసారి తీస్తాను. బాయి పాడితే సరి. లేదంటే ఈ అమ్మాయి పాడుతుంది, బాయి పెదాలు కదుపుతుంది."

"బాయి ఒప్పుకోదు."

"ఒప్పుకోకపోతే ఇంటికి పోతుంది. నాకు మాత్రం సంతోషమా?"

ధోండిబా బయటికి వచ్చి చాలాసేపు తాగునీటి కుండల దగ్గర నిలబడ్డాడు. అతని బుర్రకు తోచింది ఒక్కటే. నాటకాల్లో నటికి జలుబు చేస్తే ఏం చేస్తారు? శ్రుతి అరమెట్టు దించి గట్టెక్కిస్తారు. చూసేవాళ్ళకు తెలియదు, పాడేవాళ్ళకు హాయి. నది సీను నాడు పొద్దున్నే అతను ముజావర్ పక్కన చేరాడు.

"తబలా ఐదుకు దించు."

"ఐదున్నర కదయ్యా ఈ పాట?"

"దించమన్నానా."

ముజావర్ అతని మొహం చూశాడు. ఇంకేమీ అడగకుండా సుత్తి తీసుకుని తబలా అంచు చుట్టూ కొట్టుకుంటూ పోయాడు. ఆ టకటక ఒడ్డంతా వినబడింది. శేవంతాబాయి తంగేడు పొద వైపు తల వాల్చింది. ధోండిబా నల్లమెట్టు వదిలేసి పక్కన తెల్లమెట్టు నొక్కాడు. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని అందుకుంది. పైషడ్జం దాకా వెళ్ళింది, అక్కడ నిలబడింది కూడా. తాత్యా ట్రాలీ మీదనుంచి దూకినంత పని చేశాడు. "ఎవడ్రా బాయి గొంతు పోయిందన్నది?" అని లైట్ల కుర్రాళ్ళ మీద ఎగిరాడు. వత్సలను మర్నాటి బండికి పంపించేద్దామన్నాడు. పొదలో ధోండిబా కళ్ళు తుడుచుకున్నాడు, ముజావర్ చూడనట్టు నటించాడు.

పాపం, నాటకాల మనిషి. నాటకంలో ఏ రాత్రి పాట ఆ రాత్రికే సరి. నిన్నటి పాటను ఇవాళ్టి పాట పక్కన పెట్టి ఎవరూ చూడరు. సినిమా అలా కాదని ఇన్నేళ్ళు అందులోనే ఉండి కూడా అతనికి తట్టలేదు, ఎందుకంటే ఇన్నేళ్ళూ ఐదున్నర తప్ప ఇంకోటి వాయించే అవసరమే రాలేదు.

మూడు రోజుల తర్వాత రెండు ముక్కలూ అతికించి చిన్న గదిలో వేసి చూశారు. తాత్యా, లిమయే, శేవంతాబాయి, వెనక బల్ల మీద ధోండిబా, ముజావర్. వత్సల ఇంకా వెళ్ళలేదు, ఆ పిల్లా ఒక మూల కూర్చుంది. తెర మీద భక్తురాలు గుమ్మంలో పాడుతూ వచ్చింది, గుమ్మం దాటింది. నది ఒడ్డు రాగానే పాట గుంటలో కాలు పడ్డట్టు ధబుక్కున కిందికి దిగింది. సంగీతం రాని ఆపరేటరు కూడా కిటికీలోంచి తల పెట్టి, "యంత్రం ఏమన్నా ఆగిందా సాహెబ్?" అని అడిగాడు.

దీపాలు వేశారు. తాత్యా లేవకుండానే వెనక్కి తిరిగాడు.

"బువా. ఇదేంటి?"

ధోండిబా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. బతుకులో పెద్దగా అబద్ధాలాడే అలవాటు లేనివాడు, అందుకే అది అంత పేలవంగా వచ్చింది.

"వానలకు పెట్టె చెమ్మెక్కింది తాత్యా. స్వరం దిగింది. చూసుకోలేదు. తప్పు నాదే."

"తబలా కూడా చెమ్మెక్కి, సరిగ్గా నీ పెట్టె అంతే దిగిందా?"

ముజావర్ నేల చూశాడు. తాత్యా మొహం నల్లబడిపోయింది. ఆయన చెడ్డమనిషి కాదు, కానీ ఫిల్ము ఆయన రక్తం.

"రేపటినుంచి స్టూడియోకి రాకు బువా. మిరజ్ నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తాను. సోమవారం నది సీను మళ్ళీ తీస్తాం. ఐదున్నరలో. బాయీ, మీకు ఇబ్బంది లేదుగా?"

ధోండిబాకు అప్పుడు తెలిసింది తానేం చేశాడో. తన అబద్ధం ఆమెను కాపాడలేదు, తీసుకెళ్ళి ఐదున్నర ముందు ఒంటరిగా నిలబెట్టింది. ఆమె "ఇబ్బంది లేదు" అంటే సోమవారం గొంతు అందరి ముందూ చీలుతుంది. ఏమీ అనకుండా ఊరుకున్నా అంతే.

శేవంతాబాయి లేచి నిలబడింది. పైట సర్దుకుంది.

"బువా పెట్టెకు ఏమీ కాలేదు తాత్యా. దిగింది నా గొంతు."

ఆమె వెనక బల్ల వైపు చెయ్యి చూపించింది.

"జ్వరం తర్వాత నేను ఐదున్నర మొయ్యలేకపోతున్నాను. ఆయనకు తెలుసు. నేను పాడగలిగింది ఇచ్చాడు. ముజావర్ సుత్తి పట్టుకున్నప్పుడే నాకు అర్థమైంది. బువా మెట్టు నొక్కగానే ఇంకా బాగా అర్థమైంది. తెలియనట్టు పాడాను. పాడి, మీరందరూ మెచ్చుకుంటే సిగ్గు లేకుండా నమస్కారం పెట్టాను. ఆయన్ని తియ్యాలంటే నన్నూ తియ్యండి."

ధోండిబా తల దించుకుని ఏడ్చాడు. ఇన్నాళ్ళూ ఆమెను మోసం చేసి కాపాడాననుకున్నాడు. ఆమెకు తెలుసు. తెలిసి, ఆమె కూడా భయపడి, అతని అబద్ధంలోనే తల దాచుకుంది. ఇప్పుడు అతని పని పోకుండా ఉండాలని తనే బయటికి వచ్చి నిలబడింది. గోడల మీద పేరున్న మనిషి, ఆ పేరు దేని మీద నిలబడిందో అదే పోయిందని నలుగురిలో చెప్పింది. చెప్పగలిగిన ఇంకొక నటిని నేను ఎరగను.

తాత్యా నుదురు రుద్దుకున్నాడు. "అయితే ఈ అమ్మాయి పాడాలి బాయీ. నాకు వేరే దారి లేదు."

"పాడనివ్వండి. కానీ ముందు నన్ను ఒక్కసారి పాడనివ్వండి. సగం కాదు, పాట మొత్తం. గుమ్మం సగం కూడా పారేయండి. నది ఒడ్డు మీదే మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా ఆపకుండా. విన్నాక మీ ఇష్టం. ఈ పిల్ల గొంతే పెడతానంటే పెదాలు కూడా నేనే కదుపుతాను."

ఆ చివరి మాట ఆమె నోటినుంచి వస్తుందని ఆ గదిలో ఎవరూ అనుకోలేదు. తాత్యా లిమయే వైపు చూశాడు, లిమయే డబ్బాలో మిగిలిన ఫిల్ము ఎంతో చూసుకుని తల ఊపాడు. ధోండిబాను రావద్దన్న మాట తాత్యా మళ్ళీ ఎత్తలేదు.

సోమవారం పొద్దున నది మీద మంచు ఇంకా విడలేదు. ధోండిబా తంగేడు పొదలో కూర్చుని మెడకు పెట్టె తగిలించుకున్నాడు. ముజావర్ తబలాను ఐదుకే ఉంచాడు. ట్రాలీ కదిలింది. ధోండిబా ఆమె తల వాల్చడం కోసం చూస్తున్నాడు, వేలు తెల్లమెట్టు మీద సిద్ధంగా ఉంది.

ఆమె తల వాల్చలేదు. నది వైపే చూస్తూ, పెట్టె కోసం ఆగకుండా, తనంతట తాను మొదలుపెట్టింది.

ధోండిబా తెల్లమెట్టు మీంచి వేలు తీశాడు. ఐదు కాదు. ఇంకా కింద. వేళ్ళు మెట్ల మీద వెతుక్కున్నాయి, ఒకటి నొక్కబోయి ఆగాయి. ముజావర్ ఐదులో ఉన్న కుడి తబలాను పక్కకు తోసి ఎడమచేతి డగ్గా మీద మాత్రం మెల్లగా చెయ్యి వేశాడు. పల్లవి సగం దాకా ఆమె వెనక ఆ డగ్గా, నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు దొరికింది. నాలుగున్నర. నల్లమెట్టు. ధోండిబా ఆమె స్వరం కిందికి తన స్వరాన్ని చేర్చాడు.

ఆ గొంతు అంతకుముందు అతను విన్నది కాదు. వెనకటి గొంతు పైకి పోయి మెరిసేది, జనం తలలెత్తి చూసేవాళ్ళు. ఇది ఇంట్లో కూర్చుని మన పేరు పెట్టి పిలిచినట్టు ఉంది. జ్వరం ఉంది అందులో, వయసు ఉంది, వెళ్ళిపోతున్న ఆడమనిషి అలసట ఉంది. ఆమె నీళ్ళలోకి దిగింది, ధోండిబా పొదల వెంట వంగి పాకుతూ వాయించాడు. ముళ్ళు గీరుకున్నాయి, టోపీ ఎక్కడో ఊడిపోయింది. పైషడ్జానికి ఆమె నెమ్మదిగా వెళ్ళింది, అవసరమైనంతసేపు ఉంది, దిగింది.

కెమెరా ఆగింది. తాత్యా ట్రాలీ మీదనుంచి లిమయే వైపు తిరిగాడు. "రికార్డయిందా?" అని అడిగాడు.

"మొదట్లో పెట్టె లేదు సార్. నీళ్ళ చప్పుడు పడింది," అన్నాడు లిమయే.

"పడనీ."

తర్వాత వత్సల దగ్గరికి వెళ్ళి, "నువ్వు బాగా పాడతావమ్మా. వచ్చే సినిమాకు నువ్వు పాడుదువుగాని. ఇది మాత్రం ఆమె పాట," అన్నాడు. ఆ అమ్మాయి తల ఊపింది. శేవంతాబాయి నీళ్ళలో నిలబడి ఆ రెండు మాటలూ విన్నది, తన పాట ఉంటుందన్నదీ, వచ్చే సినిమా తనది కాదన్నదీ.

తడిచీర పిండుకుంటూ ఆమె పొద దగ్గరికి వచ్చింది. ధోండిబా ఇంకా లేవలేదు. ముంజేతుల నుంచి రక్తం కారుతోంది.

"ఐదు ఇద్దామనుకున్నారు కదూ?"

"అవును బాయీ. ఐదు మీకు సరిపోతుందనుకున్నాను."

"ఐదు కూడా కష్టంగానే ఉండింది బువా. ఆ రోజు రాత్రి గొంతులో నెత్తురు పడింది."

ధోండిబా పెట్టె మీద రెండు చేతులూ ఆనించి ఆమె మొహంలోకి చూశాడు. "నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

ఆమె ప్రేమగానే అంది. కానీ ఆ మాట అతనికి తండ్రి దెప్పిన అన్ని మాటలకన్నా గట్టిగా తగిలింది. తొలిరోజు ఈలల మధ్య ఆమెను నిలబెట్టింది తనేనన్న గర్వంతో ఇన్నేళ్ళూ ఆమె గొంతు తన చేతిలోనే ఉందనుకున్నాడు. అది ఎంత మోయగలదో ఆ గొంతునే ఒక్కసారీ అడగలేదు. అతను మెల్లగా లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, ముజావర్ వింటున్నా సిగ్గుపడకుండా అడిగాడు.

"బాయీ, రేపు ఈ సినిమాలో జోలపాట తీస్తున్నారు. ఎంత శ్రుతి ఇవ్వను?"

ఆమె గొంతు మీద చెయ్యి ఆనించుకుంది.

"పొద్దున లేచి గొంతు చూసుకుని చెప్తాను," అంది.